డిజైన్ కాపీ కొట్టారని ఫోన్ వస్తే సైట్ ఆపేయాలా?

ప్రశ్న: తిరుపతి బాలాజీ కాలనీలో చిన్న వెబ్ హోస్టింగ్ వ్యాపారం నాది. సర్వర్ అద్దెకు తీసుకుని లాడ్జీలు, ట్రావెల్స్, స్కూళ్లు అన్నీ కలిపి 120 సైట్లు నడుపుతున్నాను. మొన్న చిత్తూరు నుంచి ఒక డిజైనర్ ఫోన్ చేశారు. మా దగ్గరున్న ఒక ట్రావెల్స్ సైట్ తన డిజైన్‌కి కాపీ అని, సాయంత్రంలోగా తీసేయకపోతే నా మీద కూడా కేసు పెడతానని అన్నారు. కస్టమర్‌ని అడిగితే డబ్బులిచ్చి టెంప్లేట్ (రెడీమేడ్ డిజైన్) కొన్నానంటున్నారు. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే నాకూ అనుమానంగానే ఉంది. ఒకటే టెన్షన్. ఏం చేయాలి? – ఒక పాఠకుడు

జవాబు: ఒక్క ఫోన్ కాల్‌కి భయపడి సైట్ ఆపకండి. అలాగని విననట్టు ఊరుకోనూ వద్దు. ఆ డిజైనర్‌ని ఫిర్యాదు రాసి పంపమని అడగండి. ఈ వ్యవహారంలో మిమ్మల్ని కాపాడేది కాగితమే.

ఐటీ చట్టం 2000 ప్రకారం వెబ్ హోస్టింగ్ ఇచ్చేవారు మధ్యవర్తులు. కస్టమర్ పెట్టిన దానికి మధ్యవర్తి బాధ్యుడు కాడని 79వ సెక్షన్ రక్షణ ఇస్తుంది. అయితే తప్పు జరుగుతోందని తెలిశాక కూడా కదలకపోతే ఆ రక్షణ పోతుంది. మరి 'తెలియడం' అంటే ఏమిటి? 2016లో మైస్పేస్ అనే సోషల్ మీడియా సైట్ కేసులో ఢిల్లీ హైకోర్టు దీన్ని బాగా విడమరిచింది. ఎక్కడో కాపీలు ఉండొచ్చన్న అనుమానం సరిపోదు, ఫలానా చోట ఫలానాది కాపీ అని నిర్దిష్టంగా తెలియాలి. అలా హక్కుదారు స్పష్టంగా రాసిస్తే మాత్రం, కాపీరైట్ విషయంలో కోర్టు ఆర్డరు కోసం ఎదురుచూస్తూ కూర్చోకూడదు. మీ కంటికి అనుమానంగా అనిపించడం మీ మీద కేసు కాదు. ఫిర్యాదు అందాక కూడా కదలకపోతే కేసు కావచ్చు.

ఇక్కడ మిమ్మల్ని ఒక మాట అడగాలి. ఆ సైట్ డిజైన్ చేసింది మీ ఆఫీసు కుర్రాళ్లేనా? మన ఊళ్లో చాలామంది డిజైనూ హోస్టింగూ కలిపే ఇస్తారు. మీరే తయారుచేసి ఉంటే ఆ సైట్ మటుకు మీరు మధ్యవర్తి కారు, 79 మీకు వర్తించదు. అప్పుడు ఈ జవాబు పక్కన పెట్టి, ఫైళ్లు తీసుకుని దగ్గర్లోని లాయర్‌ని వెంటనే కలవండి.

ఫిర్యాదులో ఏముండాలో 2013 కాపీరైట్ నియమాల్లో 75వ నియమం చెబుతుంది. తన పని ఏది, దాని మీద హక్కు తనదేనని చూపే ఆధారం, కాపీ ఉన్న పేజీ చిరునామా, 21 రోజుల్లోగా కోర్టు ఆర్డరు తెస్తానన్న హామీ ఇవన్నీ ఉండాలి. ఫిర్యాదు సరిగా ఉందనిపిస్తే 36 గంటల్లో ఆ పేజీని ఆపాలి. 21 రోజుల్లో ఆర్డరు రాకపోతే మళ్లీ తెరవొచ్చు. నిజానికి ఈ నియమం తాత్కాలికంగా నిల్వ ఉండే కాపీల కోసం రాసింది. మీ సర్వర్‌లో సైట్ శాశ్వతంగా ఉంటుంది కాబట్టి ఇదొక్కటే కవచం అనుకోకండి. కానీ ఈ పద్ధతి పాటించినవారు నిజాయితీగా నడుచుకున్నారని కోర్టుకు చూపడం తేలిక.

డిజైనర్లు కూడా ఒక సంగతి తెలుసుకోవాలి. పైన లోగో, మధ్యలో కొండ ఫోటో, కింద బుకింగ్ బటన్ అనే అమరిక ఎవరి సొంతమూ కాదు. ఆలోచనకు కాపీరైట్ లేదని సుప్రీంకోర్టు 1978లోనే ఆర్.జి.ఆనంద్ కేసులో చెప్పింది. రాసిన కోడ్, గీసిన బొమ్మలు, తీసిన ఫోటోలు, రాసిన వాక్యాలు, వీటికే రక్షణ. ఇద్దరూ ఒకే టెంప్లేట్ కొనుక్కుని ఉంటే రెండు సైట్లూ కవల పిల్లల్లా ఉంటాయి, దొంగతనం మాత్రం ఉండదు. కస్టమర్‌ని కొన్న రసీదు, లైసెన్స్ అడగండి. నేను చూసిన ఒక లాడ్జీ తగాదాలో 'మేమే రాయించుకున్నాం' అని గట్టిగా వాదించారు. పేజీ మీద కుడి క్లిక్ చేసి కోడ్ తెరిచి చూస్తే, ఒక ఫోటో వర్ణనలో అవతలి లాడ్జీ ఫోన్ నంబర్ అలాగే ఉండిపోయింది! వాదన అక్కడితో ముగిసింది.

కస్టమర్‌కి ఫిర్యాదు కాపీ మెయిల్ చేసి, ఒక రోజులో జవాబివ్వమనండి. ఫిర్యాదు అందినట్టు డిజైనర్‌కి 24 గంటల్లో తెలపాలని 2021 ఐటీ నియమాలు చెబుతున్నాయి. ఫిర్యాదులు చూసే అధికారి పేరు మీ సైట్‌లో పెట్టాలన్నదీ అందులోనే ఉంది. మీలాంటి చిన్న వ్యాపారులు ఎక్కువమంది ఇది పెట్టరు. ఈరోజే పెట్టండి.

ఆపాల్సి వస్తే ఆ ఫోటోనో ఆ పేజీనో ఆపండి, అకౌంట్ మొత్తం కాదు. అకౌంట్ సస్పెండ్ చేస్తే దానితో పాటు వాళ్ల మెయిళ్లూ ఆగిపోతాయి. బ్రహ్మోత్సవాల వారంలో ట్రావెల్స్ వాళ్ల మెయిల్ ఆగిందంటే ఎన్ని బుకింగ్‌లు పోతాయో మీకు నేను చెప్పక్కర్లేదు. రేపు ఫిర్యాదు తప్పని తేలితే ఆ నష్టం మిమ్మల్నే అడుగుతారు. ఫైళ్లు మాత్రం డిలీట్ చేయకండి. తొలగించినదాన్ని, దాని రికార్డులను 180 రోజులు భద్రపరచాలి. కోర్టు అడిగితే 2023 సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్‌తో ఇవ్వాల్సి వస్తుంది.

ఇంత నెమ్మది పనికిరాని సందర్భం ఒకటుంది. కాపీ కొట్టింది టీటీడీ సైట్ అయితే, అందులో దర్శనం టికెట్లకో గదులకో డబ్బులు కట్టించుకుంటుంటే, అది డిజైన్ తగాదా కాదు, మోసం. ఎక్కడి నుంచో పిల్లాపాపలతో రైలెక్కి వచ్చి, నకిలీ టికెట్ పట్టుకుని క్యూ దగ్గర నిలబడిపోయే కుటుంబాన్ని తలచుకోండి. గడువులేమీ ఇవ్వకుండా వెంటనే ఆపండి, లాగ్‌లు (సర్వర్‌లో నమోదయ్యే వివరాలు) భద్రపరచండి, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి గానీ సైబర్ పోలీసులకు గానీ చెప్పండి. వేరొకరి వేషంలో కంప్యూటర్ ద్వారా మోసం చేస్తే ఐటీ చట్టం 66డి కింద మూడేళ్ల దాకా జైలు ఉంటుంది.

ఇక ఆ డిజైనర్ కేసు బెదిరింపు సంగతి. కాపీరైట్ చట్టం 63వ సెక్షన్‌లో ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు ఉన్న మాట నిజమే. అది బెయిల్ హక్కుగా దొరకని నేరమని 2022లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. కానీ అది తెలిసి చేసినవారికి, తోడ్పడినవారికి. రాతపూర్వకంగా అడిగి, రాతపూర్వకంగా స్పందించిన మీకు కాదు. పైగా ఆధారం లేకుండా బెదిరిస్తే, 60వ సెక్షన్ కింద మీరే కోర్టుకెళ్లి ఆ బెదిరింపులు ఆపించమని కోరవచ్చు.

మీ సర్వర్ అమెరికాలో ఉందా? అయితే ఆయన అక్కడి డీఎంసీఏ అనే కాపీరైట్ చట్టం కింద నేరుగా మీకు సర్వర్ అద్దెకిచ్చినవాళ్లకే ఫిర్యాదు పంపగలరు. వాళ్లు మీతో మాట్లాడకుండానే మిగతా 119 సైట్లతో సహా సర్వర్ ఆపేసే ప్రమాదం ఉంది. వాళ్ల నుంచి వచ్చే మెయిళ్లు స్పామ్‌లోకి పోతున్నాయేమో ఈ రాత్రే చూసుకోండి.