ఆఖరి గడి

ఒరేయ్ నానీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి గంటసేపు మాట్లాడింది. ముప్పావుగంట నీ ఉద్యోగం పోయిందని ఏడుపు, పావుగంట నువ్వు ఇన్సూరెన్స్ లైసెన్స్ పరీక్షకి చదువుతున్నావని ఏడుపు. రెండోదానికి ఎందుకే ఏడుస్తావు, నేను ఇరవై రెండేళ్లు ఆ పని చేసే కదా ఇల్లు కొన్నాను అన్నాను. ఫోన్ పెట్టేశాక మాత్రం నాకూ నిద్ర పట్టలేదు. ఇంటినిండా సాఫ్ట్‌వేర్ పిల్లలుంటే నా దారిలోకి వస్తున్నది నువ్వొక్కడివే, ఆ సంతోషం ఒకటి. నీకు ఆఫర్ ఇచ్చినవాళ్లు ఫోన్ మీద ఫిక్స్‌డ్ ఇండెమ్నిటీ ప్లాన్లు అమ్మేవాళ్లట, ఆ టెన్షన్ ఒకటి.

పరీక్ష సంగతి నేను చెప్పేదేం లేదు, చదివితే పాసవుతావు. మన పొరపాటుకి కస్టమర్ కేసు వేస్తే ఆదుకునే ఎర్రర్స్ అండ్ ఒమిషన్స్ పాలసీ లేకుండా మొదటి అప్లికేషన్ ముట్టుకోకు. కమిషన్ అడ్వాన్సుగా ఇస్తామంటే, కస్టమర్ మధ్యలో మానేస్తే నీ దగ్గర ఎంత వెనక్కి లాక్కుంటారో కాగితం మీద రాసిమ్మను.

ఇక అసలు విషయం. ఈ ఫిక్స్‌డ్ ఇండెమ్నిటీ ప్లాన్లు (మేం లిమిటెడ్ ప్లాన్లనేవాళ్లం) ఆస్పత్రిలో ఉన్న రోజుకి ఇంత, డాక్టర్ విజిట్‌కి ఇంత, ఆపరేషన్‌కి ఇంత అని ముందే రాసిపెట్టిన డబ్బు ఇస్తాయి. బిల్లు ఎంతొచ్చిందన్న దానితో వాటికి పని లేదు. 2014 నుంచి అసలైన హెల్త్ ఇన్సూరెన్స్‌లో పాత జబ్బుందని కాదనకూడదు, ముఖ్యమైన వైద్యానికి ఏడాదికి ఇన్ని డాలర్లేనని గీత గీయకూడదు. ఒబామాకేర్ చట్టం పెట్టిన ఆ నియమాలు వీటికి వర్తించవు. అంత చవగ్గా దొరికేది అందుకే.

మా ఆఫీసులో వీటి మీద జరగని గొడవ లేదు. పక్క టేబుల్ ఆయన "ఏమీ లేనిదానికన్నా ఏదో ఒకటి నయం కదమ్మా" అనేవాడు. ఆ మాట తీసిపారేయలేను. మన టెక్సాస్‌లో మెడికెయిడ్‌ని, అంటే పేదవాళ్లకి ప్రభుత్వమిచ్చే ఇన్సూరెన్స్‌ని, విస్తరించలేదు కదా. పిల్లల్లేని మనిషి ఆదాయం పేదరికపు గీతకి కింద ఉంటే అతనికి మామూలుగా అటు మెడికెయిడూ రాదు, ఇటు ఒబామాకేర్ ప్లాన్లు దొరికే ప్రభుత్వ మార్కెట్‌ప్లేస్‌లో సబ్సిడీ కూడా రాదు. అలాంటివాడికి డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడల్లా ఓ 75 డాలర్లు ఇచ్చే ప్లాన్ అక్కరకొస్తుంది. ఇంకొకామె ఉండేది, నాకన్నా పదేళ్లు సీనియర్. ఆవిడ వాదన వేరు. "ఏమీ లేనివాడికి తన దగ్గర ఏమీ లేదని తెలుసు. నొప్పొస్తే ఎమర్జెన్సీకి పోతాడు, ప్రాణం మీదికొస్తే చూడక తప్పదని 1986 నుంచి చట్టం ఉంది. మర్నాడు బిల్లు మాఫీకో తగ్గింపుకో పెట్టుకునే చారిటీ ఫారం అడుగుతాడు. నీ కార్డు జేబులో ఉన్నవాడు ఆ ఫారం అడగడు" అనేది. ఇద్దరూ ఒప్పుకున్నది ఒకటే: మంచి లిమిటెడ్ ప్లాన్‌లో అసలు సరుకు రోజుకిచ్చే డబ్బు కాదు, దాని వెనకున్న పీపీఓ నెట్‌వర్క్ రేటు, అంటే ఆస్పత్రులతో ముందే మాట్లాడుకున్న తగ్గింపు రేటు. నెట్‌వర్క్ లేకపోతే ఆస్పత్రి ఎంత రాస్తే అంత.

ఈ వాదనలన్నీ వింటూనే నేను అమ్మేదాన్ని.

2009లో ఒకతను వచ్చాడు. మనవాడే, గ్యాస్ స్టేషన్‌లో నైట్ డ్యూటీ, నలభై నాలుగేళ్లు, షుగర్ ఉంది. అప్పట్లో షుగర్ అంటే కంపెనీలు మొహం మీదే తలుపేసేవి, ఇతన్ని రెండు కంపెనీలు కాదన్నాయి. అలాంటివాళ్ల కోసం టెక్సాస్‌లో హైరిస్క్ పూల్ అని రాష్ట్రం పెట్టిన ఇన్సూరెన్స్ ఉండేది, 2014లో మూసేశారు. అందులో ప్రీమియం బాగా ఎక్కువ. అతని చొక్కా చూశాను, వేసుకొచ్చిన పాత కారు చూశాను, ఇతనేం కడతాడులే అనుకున్నాను. అతని జేబు లెక్క నేనే వేసేసి, పూల్ అనే మాటే ఎత్తలేదు. నెలకి 140 డాలర్ల లిమిటెడ్ ప్లాన్ చేయించాను. ఆస్పత్రిలో రోజుకి 500, సర్జరీకి 1,000, ఎమర్జెన్సీకి 150. ఎంతెంత ఇస్తుందో వరసగా చదివి వినిపించాను. అందులో ఒక్క అబద్ధం లేదు నానీ, అదే నన్నిప్పటికీ తినేస్తుంది. అతను కార్డు తీసుకుని పర్సులో వెంకటేశ్వరస్వామి బొమ్మ వెనక పెట్టుకుని "ఇక భయం లేదండీ" అన్నాడు. నేను నవ్వాను. నాకొచ్చే కమిషన్ నెలకి 35 డాలర్లు.

రెండేళ్ల తర్వాత ఒక తెల్లవారుజామున డ్యూటీలోనే గుండెనొప్పి. నాలుగు రోజులు ఆస్పత్రిలో ఉంచి స్టెంట్ వేశారు. బతికాడు. నెలన్నరకి వాళ్లావిడ ఫోన్ చేసి "అక్కా, కాగితాలొచ్చాయి, అర్థం కావట్లేదు, ఒకసారి వస్తారా" అంది. వెళ్లాను. డైనింగ్ టేబుల్ మీద ప్లాస్టిక్ షీటు, దాని మీద మా కంపెనీ కవరు, పక్కన ఆస్పత్రి కవరు. నా పసుపు హైలైటర్ తీసి ఒక్కో గడీ గీస్తూ చెప్పాను. బిల్లు 92,000. నెట్‌వర్క్ డిస్కౌంట్ గడిలో సున్నా, ఆ ప్లాన్‌కి నెట్‌వర్కే లేదు. ప్లాన్ ఇచ్చింది 3,150. ఆఖరి గడి దగ్గర నా చెయ్యి ఆగిపోయింది. 88,850. ఆవిడ ఆ అంకె చూసి "ఇది కంపెనీ ఇంకా ఇవ్వాల్సిందా అక్కా?" అని అడిగింది. కాదమ్మా, అది మీరు కట్టాల్సింది అని నేనే చెప్పాల్సి వచ్చింది. అతను పక్క గదిలోంచి "టీ తాగి వెళ్లండి" అని కేకేశాడు.

తర్వాత అతన్ని వెంటబెట్టుకుని ఆ ఆస్పత్రి బిల్లింగ్ ఆఫీసుకి ఆరుసార్లు తిరిగాను. ఇన్సూరెన్స్ ఉంది కాబట్టి ఇన్సూరెన్స్ లేనివాళ్లకిచ్చే తగ్గింపు కుదరదన్నారు మొదట. మా సీనియరు చెప్పింది అక్షరాలా జరిగింది. చివరికి చాలా తగ్గించారు, మిగిలింది నెలకి 200 చొప్పున ఏళ్ల తరబడి కట్టాడు. నన్ను ఒక్క మాట అనలేదు. ఇప్పటికీ ఉగాదికి ఫోన్ చేస్తాడు. ఫోన్‌లో ఆ పేరు కనబడగానే నాకు కడుపులో దేవినట్టవుతుంది.

కాబట్టి విను. బ్రోషర్ చూసి అమ్మకు, పాలసీ తెప్పించుకుని మినహాయింపుల పేజీ ముందు చదువు. తెల్లకాగితం మీద నాలుగు రోజుల గుండెజబ్బు లెక్క వెయ్యి, ఆఖరి గడి నీ చేత్తో రాసి, సంతకానికి ముందు వాళ్లకి చూపించు. ఫోన్ మీదైతే ఆ అంకె నోటితో చెప్పు. నీకిచ్చే స్క్రిప్ట్‌లో "ఇది మేజర్ మెడికల్ కాదు" (అంటే అసలైన హెల్త్ ఇన్సూరెన్స్ కాదు) అనే వాక్యం చివర్లో ఉంటుంది, గబగబా చదివి అవతలివాళ్ల చేత "యెస్" అనిపించి రికార్డ్ చేసుకోవడానికి. నువ్వది మొదట్లోనే చెప్పు, అమ్మకాలు పడిపోతాయి, పడిపోనీ. మార్కెట్‌ప్లేస్‌లో సబ్సిడీ వస్తుందో లేదో చూడకుండా ఎవరికీ లిమిటెడ్ ప్లాన్ పేరెత్తకు. ఎవరేం కట్టగలరో చొక్కా చూసి తేల్చకు, ఉన్నవన్నీ ముందు పెట్టి వాళ్లనే చెప్పనియ్యి. అమ్మానాన్నల కోసం విజిటర్ ఇన్సూరెన్స్ అడిగే మనవాళ్లు చాలామంది తగులుతారు, అక్కడ కూడా చవకవి చాలావరకు ఈ ఫిక్స్‌డ్ రకమే.

తిడుతున్నానని అనుకోకు. నీ నోరు మంచిది, చిన్నప్పుడు పక్కింటి ముసలాయనకి ఉత్తరాలు చదివిపెట్టిన పిల్లాడివి. అడ్డమైన మాటలు చెప్పి అమ్మే రకం కాదని తెలుసు. నేనూ ఆ రకం కాదనుకునే చేశాను కదా, అందుకే భయం.

అన్నట్టు, మీ అమ్మ మాటల్లో ఇంకోటి దొర్లింది. ఆ కంపెనీ కొత్తగా చేరినవాళ్లకి అదే ప్లాన్ ఫ్రీగా ఇస్తుందట, నువ్వూ దాంతోనే సరిపెట్టుకుందాం అంటున్నావట. నీ భార్యకి ఐదో నెల రా వెధవా! కాన్పుకి అది ఏమిస్తుందో ఒక్కసారైనా చూశావా? పాత ఆఫీసు కవరేజ్ ఆగి 41 రోజులైంది. కవరేజ్ పోయినవాళ్లు మార్కెట్‌ప్లేస్‌లో చేరడానికి ఇచ్చే స్పెషల్ ఎన్‌రోల్‌మెంట్‌కి 60 రోజులే, ఇంకా 19 ఉన్నాయి. పాత ఆఫీసు ప్లాన్‌నే సొంత డబ్బుతో కొనసాగించే కోబ్రా కట్టాలంటే పూర్తి ప్రీమియం, పైన 2 శాతం, నడ్డి విరుగుతుంది. కానీ గడువులోపు ఎంచుకుని బాకీ కడితే ఆగిన రోజు నుంచే లెక్కలోకి వస్తుంది, అదీ గుర్తుంచుకో.

ఆదివారం ఇద్దరూ భోజనానికి రండి. వచ్చేటప్పుడు ఆ ఫ్రీ ప్లాన్ పాలసీ మొత్తం ప్రింట్ తీసి పట్రా, బ్రోషర్ కాదు. హైలైటర్ నా దగ్గరుంది.

మీ పెద్దమ్మ