ఓటమిని తట్టుకోలేకపోతున్న అబ్బాయి

ప్రశ్న: మా అబ్బాయికి పదమూడేళ్లు. మార్కులు తగ్గినా, స్నేహితుడు ఒక మాట అన్నా గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంటాడు. ఈ మధ్య రెండుసార్లు "నేను లేకపోతేనే అందరికీ బాగుంటుంది" అన్నాడు. మందలించాలన్నా, ఊరుకోవాలన్నా భయంగా ఉంది. వాడి మనసును దృఢపరచడం ఎలా? ఆ మాట గురించి అడిగితే లేనిపోని ఆలోచన కలిగించిన వాళ్లమవుతామా? - ఒక తల్లి

జవాబు: మీ రెండో ప్రశ్నకే ముందు జవాబు చెప్పాలి, ఎందుకంటే అది వాయిదా వేయదగినది కాదు. అడగండి, ఈ రోజే అడగండి. "నేను లేకపోతే బాగుంటుందన్నావు కదా నాన్నా, చనిపోవాలని అనిపిస్తోందా?" అని నెమ్మదిగా, సూటిగా అడగండి. అలా అడగడం వల్ల ఆత్మహత్య ఆలోచన పుట్టదని పరిశోధనలు చెబుతున్నాయి. పైగా చాలామందికి తమ భారాన్ని మరొకరు గుర్తించారన్న ఊరట కలుగుతుంది. వాడు అవునంటే హితబోధ మొదలుపెట్టకండి, ఎవరికీ చెప్పనని మాట ఇవ్వకండి, ఒంటరిగా వదలకండి. వెంటనే డాక్టరు సహాయం తీసుకోండి. కాదన్నా సరే, ఆ మాట రెండుసార్లు వచ్చింది గనుక త్వరలోనే మానసిక వైద్యులకు చూపించండి. ఇంట్లోని మందులను, పురుగుమందుల వంటి ప్రమాదకరమైన వాటిని ఇప్పుడే తాళంలో పెట్టండి. చిన్న వయసులో ఇటువంటి తీవ్రమైన క్షణాలు తరచు హఠాత్తుగా వచ్చి, కొంతసేపటికి తగ్గిపోతాయి కాబట్టి ఈ జాగ్రత్త నిజంగానే ప్రాణాలు కాపాడుతుంది.

ఇక మానసిక దృఢత్వం సంగతి. దృఢత్వమంటే బాధ తెలియని మొండితనమని మనలో చాలామంది అనుకుంటాం. కాని అది బాధపడ్డాక మళ్లీ కోలుకునే శక్తి, ఆ శక్తికి తోడు కావాలి. హవాయి దీవుల్లోని కవాయిలో 1955లో పుట్టిన పిల్లలను పరిశోధకులు దశాబ్దాల తరబడి గమనించారు. పేదరికం, కుటుంబ కలహాలు, తల్లిదండ్రుల అనారోగ్యం వంటి కష్టాల మధ్య పెరిగిన వారిలో కూడా సుమారు మూడో వంతు మంది సమర్థులైన పెద్దవాళ్లుగా ఎదిగారు. వారికి తోడ్పడిన వాటిలో ముఖ్యమైనది, తమను ఉన్నది ఉన్నట్టుగా స్వీకరించిన కనీసం ఒక పెద్ద మనిషితో గట్టి అనుబంధం. నా దృష్టిలో మీరు చేయవలసిన పనంతా ఇక్కడే మొదలవుతుంది.

మార్కులు తగ్గిన రోజున "ఇంత చిన్నదానికి ఏడుపా?" అంటే, బాధను దాచుకోవడం నేర్చుకుంటాడే గాని దాటడం నేర్చుకోడు. "సిగ్గుగా అనిపించిందా, కోపం వచ్చిందా?" అని అడిగి, చెప్పింది పూర్తిగా విని, పరిష్కారం మాత్రం మర్నాటికి వదలండి. ఆవేశాన్ని అదుపు చేసే మెదడు భాగాలు పాతికేళ్ల వరకు ఎదుగుతూనే ఉంటాయి గనుక, ఉద్వేగంలో ఉన్న పిల్లవాడితో వాదించి ప్రయోజనం లేదు. మందలించడం మానవలసిన అవసరమేమీ లేదు. చేసిన పనిని తప్పుపట్టండి, మనిషిని కాదు. ఇతర పిల్లలతో పోల్చడం మాత్రం పూర్తిగా మానేయండి. మీకు ఎదురైన నిరాశను మీరెలా దాటుతున్నారో వాడి ముందు మాట్లాడండి, ఎందుకంటే పిల్లలు బోధ కన్నా చూసిందే ఎక్కువగా పట్టుకుంటారు.

ఈ నైపుణ్యాలు బడిలోనూ నేర్పవచ్చు. ఐరోపాలోని 10 దేశాల్లో, 168 పాఠశాలల్లో, 11,000 మందికి పైగా విద్యార్థులతో జరిగిన ఒక అధ్యయన ఫలితాలు 2015లో వెలువడ్డాయి. పాత్రాభినయం, చర్చల ద్వారా ఒత్తిడిని ఎదుర్కోవడం, సహాయం అడగడం నేర్చుకున్న విద్యార్థుల్లో ఏడాది తర్వాత చూస్తే, కొత్తగా ఆత్మహత్యకు ప్రయత్నించిన వారు మిగతా వారితో పోలిస్తే దాదాపు సగమే.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. బడిలో వేధింపులో, ఎవరిదైనా చెడు ప్రవర్తనో ఈ బాధకు కారణమైతే, తట్టుకోమని పిల్లవాడికి చెప్పడం అన్యాయం. ఆ వేధింపును ఆపవలసింది పెద్దలు. అలాగే కుంగుబాటు ఒక జబ్బు, మనోబలం లేకపోవడం కాదు.

మీతో మాట్లాడడానికి ఇష్టపడకపోతే, కష్టం వచ్చినప్పుడు ఎవరికి చెప్పగలవో ఇద్దరి పేర్లు చెప్పమని అడగండి. అందులో మీ పేరు లేకపోయినా నొచ్చుకోకండి. వాడికి ముందుగా చెప్పి, ఆ తర్వాతే ఆ ఇద్దరితోనూ మాట్లాడి ఏ వేళలోనైనా ఫోను ఎత్తమని కోరండి.