ఎస్‌ఎస్‌ఏటీ స్కోరు తగ్గితే బోర్డింగ్ స్కూలు తలుపు మూసుకుపోదు

చి.ల.సౌ. అమ్మాయికి ఆశీస్సులు.

బాబుకి, అమెరికా బోర్డింగ్ స్కూళ్లలో చేరడానికి రాసే ప్రవేశ పరీక్ష ఎస్‌ఎస్‌ఏటీలో 48వ పర్సెంటైల్ వచ్చిందని బెంగపడుతూ రాశావు. అది నూటికి 48 మార్కులు కాదమ్మా. గత మూడేళ్లలో అదే తరగతిలో ఉండి ఈ పరీక్ష రాసిన పిల్లలతో పోల్చి చెప్పే స్థానం. వాళ్లంతా ఎలాగూ ఇలాంటి బడులకే గురిపెట్టిన పిల్లలు, కాబట్టి సగంలో ఉన్నాడంటే మొద్దు అని కాదు. కానీ ఆండోవర్, ఎక్సెటర్ లాంటి బాగా పేరుమోసిన బడుల్లో ఆ అంకె బరువే అవుతుంది. అదీ దాచను.

ముందు రిపోర్టులో ఏ విభాగం దెబ్బతీసిందో చూడు. 8 నుంచి 11 తరగతుల వాళ్లు రాసే అప్పర్ లెవెల్లో ఒక్కో విభాగానికి 500 నుంచి 800 దాకా స్కోరు. మన పిల్లల్లో చాలామందికి పడిపోయేది వెర్బల్, అంటే ఇంగ్లీషు పదాల అర్థాలు, పదాల మధ్య సంబంధాలు అడిగే విభాగం. అరగంటలో 60 ప్రశ్నలు, తప్పుకి పావు మార్కు కోత. గబగబా 60 పెట్టేసి 40 ఒప్పు, 20 తప్పు చేస్తే మిగిలేది 35. నిదానంగా 48 పెట్టి 42 ఒప్పు, 6 తప్పు చేస్తే 40.5. తెలియనిది ఖాళీగా వదిలితే నష్టం లేదు; ఇచ్చిన అయిదు జవాబుల్లో ఒక్కటైనా తప్పని కచ్చితంగా తీసేయగలిగితే మాత్రం ఊహించి పెట్టమను. ఈ అలవాటు కొన్ని వారాల్లో వస్తుంది. పదసంపద అలా రాదు, దానికి నెలలు పడుతుంది. అందుకే వెర్బల్ తగ్గినవాడిని పై నెలలోనే మళ్లీ కూర్చోబెడితే అదే స్కోరు చేతికొస్తుంది. చదవడంలో నిజమైన ఇబ్బంది ఉందని పరీక్షల్లో తేలి ఉంటే, అదనపు సమయానికి ముందే దరఖాస్తు చేసి, అది మంజూరయ్యాకే తేదీ తీసుకో. రెండుసార్లు రాసినా బడికి పంపేది నువ్వు ఎంచుకున్న తేదీ స్కోరే. కొన్ని బడులు స్కోరు అడగవు, కొన్ని ఐచ్ఛికం అంటాయి. ఈ నియమం ఏటా మారుతుంటుంది కనుక ఒక్కో బడి సైటులో ఈ ఏడాది ఏముందో చూసుకో.

అంకె బలహీనంగా ఉన్నప్పుడు టీచర్ల సిఫారసు ఉత్తరాలే దరఖాస్తుని మోస్తాయి. లెక్కల టీచరు, ఇంగ్లీషు టీచరు ఇద్దరూ రాయాలి, అదీ సాధారణంగా ఈ ఏడాది పాఠం చెబుతున్నవాళ్లు. బడి తెరిచి రెండు నెలలైనా కాకముందే అడుగుతాం, వాళ్లకి వీడెవడో సరిగా తెలియదు. సెప్టెంబరు నుంచే క్లాసు అయ్యాక డౌట్లతో వాళ్ల దగ్గరికి వెళ్లమను. "తప్పు చేసిన లెక్కని మర్నాడు తనే సరిచేసి పట్టుకొచ్చాడు" అన్న ఒక్క వాక్యం, "మంచి విద్యార్థి" అని పేజీ నిండా రాసినదానికంటే ఎక్కువ పని చేస్తుంది.

ఇంటర్వ్యూలో మనవాళ్లు చేసే పొరపాటు ఒకటుంది: పిల్లవాణ్ణి అడిగితే అమ్మానాన్నా జవాబు చెప్పడం. నువ్వు చెప్పకు. బట్టీ పట్టించినా అవతలివాళ్లు ఇట్టే పసిగడతారు. దరఖాస్తుతో పంపే వ్యాసంలో స్కోరుకి సంజాయిషీ కూడా వద్దు. వాళ్లు పట్టించుకోని చోట కూడా మనమే వేలుపెట్టి చూపించినట్టవుతుంది.

ఇక జాబితా. ఏడెనిమిది బడులు పెట్టు, పేరుమోసినవి రెండు చాలు. సీట్లు ఎక్కువగా ఉండేది 9వ తరగతిలో, 11కి వచ్చేసరికి బాగా తగ్గిపోతాయి. 9 పూర్తయ్యాక మళ్లీ 9లోనే చేరడం అక్కడ మామూలే, నామోషీ అనుకోకండి. ఫీజు సాయం అడిగేటట్టయితే ఇంకో సంగతి. ఆండోవర్, ఎక్సెటర్ చేర్చుకునేటప్పుడు డబ్బు సంగతి చూడబోమని చెబుతాయి. చాలా బడులకి ఆ వెసులుబాటు లేదు. స్కోరు తక్కువై, సాయం ఎక్కువ కావలసిన పిల్లవాడి దగ్గరే అవి వెనకాడతాయి. ఆ లెక్కన జాబితా ఇంకాస్త పెద్దదిగా ఉండాలి.

చాలాచోట్ల గడువు జనవరి 15 చుట్టుపక్కల, ఫలితం మార్చి 10న, మన జవాబు ఏప్రిల్ 10లోపు. వెయిట్‌లిస్టులో పెడితే, చోటిస్తే తప్పక చేరతానని, కొత్త గ్రేడ్లు జతచేసి, బాబే చిన్న ఉత్తరం రాయాలి. ఒక్కటి చాలు, వారం వారం ఫోన్లు చేయకండి. సీట్లు మిగిలిన బడులు ఏప్రిల్ తర్వాత కూడా దరఖాస్తులు తీసుకుంటాయి, అప్పుడు అడగడానికి మొహమాటపడకు.