గ్రీకు ఇతిహాసాల్లో అసలైన వీరుడు ఎవరు?

బలముంటే చాలా? ట్రాయ్ నగరంపై గ్రీకుల యుద్ధాన్ని చెప్పే హోమర్ కావ్యం ఇలియడ్ చదివినవాళ్ళెవరూ అవునని చెప్పలేరు. అక్కడ వీరుడు కోరేది 'క్లియోస్', అంటే తను పోయాక కూడా జనం పాడుకునే కీర్తి. ఇంటికెళ్తే దీర్ఘాయువు, ట్రాయ్‌లో ఉండి పోరాడితే చావు, చెరగని పేరు: 9వ సర్గలో గ్రీకు యోధుడు అకిలీస్ చెప్పే రెండు దారులివి. చావులేని దేవతలకు ఈ ఎంపికే లేదు. మరో గ్రీకు వీరుడు ఒడిస్సియస్‌ది వేరే దారి, ఓర్పు, యుక్తి.

కానీ నన్ను కదిలించేది 24వ సర్గ. తన స్నేహితుణ్ణి చంపాడన్న పగతో ట్రాయ్ యువరాజు హెక్టర్ని చంపి, అతని శవాన్ని అకిలీస్ రథానికి కట్టి ఈడ్చాడు. హెక్టర్ తండ్రి, ముసలి రాజు ప్రియామ్ రాత్రివేళ శత్రు శిబిరానికొచ్చి, కొడుకుని చంపిన ఆ చేతుల్నే ముద్దుపెట్టుకుంటాడు. అకిలీస్‌కి తన తండ్రి గుర్తొస్తాడు. ఇద్దరూ ఏడుస్తారు. శవాన్ని అప్పగిస్తాడు. అన్ని యుద్ధాల్లో కంటే నాకు అతను ఇక్కడే పెద్ద వీరుడిగా కనిపిస్తాడు. కావ్యం కూడా హెక్టర్ అంత్యక్రియలతోనే ముగుస్తుంది.