అమెరికా నుంచి తెప్పించిన పాత కారుని బ్రిటన్‌లో హిస్టారిక్‌గా రిజిస్టర్ చేయించాలంటే

1972 డాట్సన్ 240జెడ్ కాలిఫోర్నియాలో కొన్నారు, ఓడ ఎక్కించారు, ఏజెంటేమో 10 శాతం డ్యూటీ, 20 శాతం వ్యాట్ కట్టాలంటున్నాడు, పాత కార్లకు ట్యాక్స్ సున్నా ఉండే హిస్టారిక్ క్లాసు ఎలా వస్తుందో తెలియడం లేదు. ఇదే కదా మీరు అడిగింది? నాదీ అదే మోడల్, అక్కణ్నుంచే వచ్చింది. ఏజెంటుకి డబ్బు పంపకముందే ఇది చదవండి.

అతను చెప్పిన లెక్క మామూలు సెకండ్ హ్యాండ్ కారుది. కారుకి 30 ఏళ్లు దాటి, ఆ మోడల్ తయారీ ఆగిపోయి, ఇంజిను, ఛాసిస్, సస్పెన్షన్, స్టీరింగ్ పెద్ద మార్పులేమీ లేకుండా ఉంటే 9705 హెడింగ్ (సేకరించదగ్గ పాత వస్తువుల కస్టమ్స్ కోడ్) కింద డిక్లేర్ చేయొచ్చు. అప్పుడు డ్యూటీ ఉండదు, దిగుమతి వ్యాట్ 5 శాతమే. రవాణాతో కలిపి విలువ 20,000 పౌండ్లు అనుకోండి. మామూలుగా అయితే 2,000 డ్యూటీ, 22,000 మీద 4,400 వ్యాట్, వెరసి 6,400. 9705 కింద అయితే 1,000తో సరి. నా ఏజెంటు కూడా మొదట మామూలు కోడే వేశాడు. ఇంజిను, ఛాసిస్ నంబరు, కారు లోపలి ఫొటోలు పంపి, 9705 వేయమని ఈమెయిల్లో అడిగాకే మార్చాడు. ఫోన్లో చెప్పి ఊరుకోకండి, రాసి పంపండి.

ఈ కార్లలో అమెరికావాళ్లు వీ8 ఇంజిను బిగించడం మామూలే. మీ దాంట్లో అసలు ఆరు సిలిండర్ల ఇంజిను లేకపోతే మాత్రం ఈ రాయితీ మీద ఆశ పెట్టుకోవద్దు. ఎమ్‌ఓటీ (రోడ్డు భద్రత పరీక్ష) మినహాయింపుకీ అదే అడ్డం పడుతుంది.

కారు దిగిన 14 రోజుల్లోగా హెచ్‌ఎమ్‌ఆర్‌సీకి (బ్రిటన్ పన్నుల శాఖకి) నోవా, అంటే వాహనం దేశంలోకి వచ్చిందన్న నోటీసు, వెళ్లాలి. చాలావరకు ఏజెంటే పంపుతాడు, పంపినట్టు రుజువు అడిగి తీసుకోండి. అది లేనిదే వాహనాల రిజిస్ట్రేషన్ చూసే ప్రభుత్వ సంస్థ డీవీఎల్ఏ రిజిస్టర్ చేయదు.

ఇక అసలు సంగతి, తేదీ. అందరూ చిక్కుకునేది ఇక్కడే. అమెరికా టైటిల్ (యాజమాన్య పత్రం) మీద ఉండేది మోడల్ ఇయర్, కారు ఫ్యాక్టరీలో తయారైన రోజు కాదు. 1971 సెప్టెంబర్లో తయారైన కారు అక్కడ 1972 మోడల్‌గా అమ్ముడయ్యేది. మీ కారు డ్రైవర్ తలుపు తెరిస్తే పక్కన చిన్న ప్లేటు ఉంటుంది, దాని మీద నెల, సంవత్సరం ఉంటాయి. దాన్ని స్పష్టంగా ఫొటో తీయండి. దాంతోపాటు డీవీఎల్ఏ గుర్తించిన ఓనర్స్ క్లబ్బు నుంచి డేటింగ్ లెటర్ తెప్పించుకోండి. క్లబ్బువాళ్లు ఛాసిస్ నంబరు, ప్లేట్ల ఫొటోలు చూసి తయారీ తేదీ రాసిస్తారు. ఆ తేదీని బట్టే నంబరు చివరి అక్షరం వస్తుంది: 1971 ఆగస్టు నుంచి 1972 జులై దాకా కే, ఆ తర్వాతి ఏడాది ఎల్. రుజువు చాలకపోతే క్యూ నంబరు చేతికొస్తుంది. ఇంత అందమైన కారుకి వయసు చెప్పని నంబరు తగిలించడం నాకైతే మనసొప్పదు, అందుకే క్లబ్బు లెటర్ వచ్చేదాకా ఆగాను.

టైటిల్ ఒరిజినల్ జాగ్రత్త. ఎగుమతికి ముందు అమెరికా కస్టమ్స్ దాన్ని చూస్తుంది, తర్వాత అది షిప్పింగ్ వాళ్ల ఫైల్లో ఉండిపోతుంది. నాది అలాగే ఆగిపోతే వెంటపడి తెప్పించుకున్నాను. డీవీఎల్ఏకి ఒరిజినలే పంపాలి, కాబట్టి ముందే రంగుల కాపీ తీసి పెట్టుకోండి.

నింపాల్సిన ఫారం వీ55/5. ట్యాక్స్ క్లాసు గడిలో హిస్టారిక్ అని మీరే రాయాలి. అది ఖాళీగా వదిలి, వాళ్లే చూసుకుంటారనుకోవద్దు. 55 పౌండ్ల ఫీజు, డేటింగ్ లెటర్, టైటిల్, లైసెన్సు కాపీ జతచేయండి. 40 ఏళ్లు దాటింది కాబట్టి ఎమ్‌ఓటీ బదులు వీ112 మినహాయింపు డిక్లరేషన్ పెట్టొచ్చు. పదేళ్లు దాటిన కారుకి ఐవీఏ (కారు బ్రిటిష్ ప్రమాణాలకు సరిపోతుందో చూసే) పరీక్షా అక్కర్లేదు.

అయినా ఎమ్‌ఓటీ చేయించండి, ఇది గట్టిగా చెబుతున్నాను. కాలిఫోర్నియా ఎండలో తుప్పు పట్టదుగానీ రబ్బరు ఎండిపోతుంది. నా కారు బ్రేకు గొట్టాలు పైకి బాగానే కనిపించాయి, వంచి చూస్తే పగుళ్లు. హెడ్‌లైట్లు కూడా వెలుతురు కుడివైపు వాల్చేవి ఉంటాయి, వాటి స్థానంలో ఏడంగుళాల బ్రిటిష్ యూనిట్లు తేలిగ్గా కూర్చుంటాయి. వెనక ఇండికేటర్లు ఎర్రగా వెలుగుతుంటే నారింజ రంగుకి మార్చాలి, 1965 సెప్టెంబర్ తర్వాతి కార్లకు ఎరుపు చెల్లదు.

వీ5సీ (రిజిస్ట్రేషన్ పత్రం) రాగానే ట్యాక్స్ క్లాసు, తయారీ తేదీ సరిచూడండి. ట్యాక్స్ సున్నాయే అయినా ఏటా వేయించాలి, వేయించకపోతే జరిమానా పడుతుంది. క్లాసు హిస్టారిక్ అని ఉంటే లండన్ యూలెజ్ (కాలుష్యం చేసే వాహనాల మీద వేసే) చార్జీ ఉండదు. మీ కారు 1980కి ముందుది కాబట్టి నలుపు మీద వెండి అక్షరాల ప్లేట్లు కూడా పెట్టుకోవచ్చు.