ఆదుర్దానా, ఆత్రమా?

ప్రశ్న: మా అబ్బాయి ఉద్యోగ దరఖాస్తులో ‘ఐ యామ్ యాంక్షస్ టు జాయిన్’ అని రాశాడు. ట్యూషన్ మాస్టారు ‘యాంక్షస్’ కొట్టేసి ‘ఈగర్’ అని దిద్దారు. ఇంతకీ ఆ మాటకి అర్థం ఆదుర్దానా, ఆత్రమా?
– ఒక పాఠకురాలు, అమలాపురం

జవాబు: రెండూనండీ. మీ అబ్బాయి రాసిన వాక్యంలో వ్యాకరణ దోషం లేదు. కానీ దరఖాస్తు వరకూ మాస్టారి దిద్దుబాటే మేలు.

మొదటి అర్థం ఆదుర్దా. ధవళేశ్వరం దగ్గర వరద 10 లక్షల క్యూసెక్కులకు చేరి మొదటి ప్రమాద హెచ్చరిక వచ్చిందంటే లంకల్లో మనసు కుదురుగా ఉండదు. అది ‘అనీజీ’. 13 లక్షలకి రెండో హెచ్చరిక కూడా వచ్చాక, నీటి అంచున పుల్ల గుచ్చి, అది మునిగిందా లేదా అని రాత్రంతా టార్చిలైటు వేసి చూసుకునే మనిషి ‘యాంక్షస్’. నీళ్లు ఇంట్లోకి వచ్చేశాక ఆ మాట ఇక సరిపోదు, అప్పుడది భయం, దుఃఖం. ఏమవుతుందో ఇంకా తేలనప్పుడే దీని అవసరం.

పుట్టుక చూస్తే ఇంకా బాగా తెలుస్తుంది. లాటిన్‌లో ‘అంగెరె’ అంటే గొంతు నులమడం, బిగించడం. దాన్నుంచి వచ్చిన ‘ఆంక్సియుస్’ 17వ శతాబ్దం మొదట్లో ఇంగ్లీషులో చేరింది. గుండె పట్టేసే ‘యాంజైనా’, జర్మన్ ‘ఆంగ్‌స్ట్’ ఈ కుటుంబంలోవే. మన వైపూ చుట్టం ఉంది: అమరకోశం పాపానికి చెప్పిన పేర్లలో ఒకటైన ‘అంహస్సు’. వేదంలో దానికి ఇరుకు, ఆపద అనే అర్థాలున్నాయి. దిగులుతో ‘ఊపిరాడటం లేదు’ అంటాం కదా, ఆ బిగింపే ఇన్ని భాషల్లోనూ మాటైంది.

ఆత్రం అనే అర్థం 18వ శతాబ్దంలో వచ్చి చేరింది. మన మాటా అదే దారిన నడిచింది. సంస్కృతంలో ఆతురుడు రోగి, బాధపడేవాడు. తెలుగుకొచ్చేసరికి ఆత్రగాడయ్యాడు! అయితే ‘యాంక్షస్’లో పాత దిగులు వాసన పూర్తిగా పోలేదు. దరఖాస్తు చదివే అధికారికి కుర్రాడు కంగారుపడుతున్నాడేమో అనిపించవచ్చు. ‘ఈగర్’లో ఉత్సాహం తప్ప ఇంకేమీ వినబడదు.

వాడేటప్పుడు పక్కన వచ్చే చిన్నమాట చూసుకోండి. ‘యాంక్షస్ అబౌట్ ద రిజల్ట్స్’ అంటే ఫలితాల గురించి దిగులు. ‘టు’ తర్వాత క్రియ వస్తే చెయ్యాలన్న ఆత్రం. ‘ఫర్’ దగ్గరే చిక్కు: ‘యాంక్షస్ ఫర్ న్యూస్’ అంటే కబురు కోసం తహతహ, ‘యాంక్షస్ ఫర్ హర్’ అంటే ఆమెకి ఏమవుతుందోనన్న బెంగ.

చాలామంది ‘ఐ యామ్ యాంగ్జైటీ’ అనేస్తుంటారు, అది తప్పు. ‘యాంగ్జైటీ’ నామవాచకం, ‘ఐ యామ్’ పక్కన ‘యాంక్షస్’ అనే రావాలి. పలుకూ మారుతుంది: విశేషణంలో ‘క్ష’, ఊనిక మొదటి అక్షరం మీద. నామవాచకంలో ‘గ్జ’, ఊనిక ‘జై’ మీద.