నాన్నగారు ఏ పని చేసేవారో డాక్టరుకు చెప్పారా?

మీ నాన్నగారు 30 ఏళ్ల కిందట మిలిటరీలో విమానాల మెకానిక్ అని, ఇప్పుడు ఎక్స్‌రేలో ఊపిరితిత్తుల పైపొర దళసరిగా ఉందన్నారని, ఇది ఆస్బెస్టాస్ (రాతినార) వల్ల కావచ్చా అని అడిగారు. కావచ్చు. కానీ ఆ మాట డాక్టరు తనంతట తాను అంటాడని ఎదురుచూడకండి. ఆయాసమని వెళితే కడపలో నన్ను ముగ్గురు డాక్టర్లు చూశారు, ఒక్కరు కూడా "మీరు ఏ పని చేసేవారు?" అని అడగలేదు. ఒకాయనైతే కళ్లె పరీక్షలో ఏమీ రాకపోయినా ఆరు నెలలు టీబీ మాత్రలు మింగించాడు. మూత్రం ఎర్రబడింది తప్ప ఆయాసం తగ్గలేదు.

నేనూ మీ నాన్నగారిలాగే మిలిటరీలో విమానాల మెకానిక్‌నే. 1969లో, 18 ఏళ్ల వయసులో చేరి 15 ఏళ్లు పని చేశాను. చక్రాలు, బ్రేకుల విభాగం నాది. రవాణా విమానం చక్రం ఊడదీస్తే బ్రేకు డ్రమ్ములో బూడిద రంగు పిండి పేరుకుని ఉండేది. అరిగిపోయిన లైనింగ్ పొడి అది. వేడికి తట్టుకుంటుందని అప్పటి లైనింగుల్లో ఆస్బెస్టాస్ కలిపేవారు. ఆ పొడిని వదిలించడానికి మాకు తెలిసిన పద్ధతి ఒక్కటే, కంప్రెసరు గొట్టంతో గాలి కొట్టడం. బుస్సుమని లేచేది. కిటికీలోంచి పడే ఎండలో మిలమిలలాడుతూ ఎంతసేపటికీ నేలకు దిగేది కాదు. మేము అందులోనే నిలబడి టీ తాగేవాళ్లం. టీ మీద పొర కడితే వేలితో పక్కకు తీసి తాగడమే. నా పక్కన పని చేసే పంజాబీ కుర్రాడు రోజూ నా మీసం చూసి "తాతగారూ" అని పిలిచేవాడు. అయినా మీసం మీద కనిపించిన దుమ్ముతో పెద్ద ప్రమాదం లేదు. లోపలికంటా పోయేది కంటికి ఆనని సన్నని పీచు. అది లోపల చేరాక 20, 30, 40 ఏళ్లకు కూడా జబ్బు బయటపడవచ్చు. ఇంజను పొగగొట్టాలకు చుట్టే గుడ్డ, గాస్కెట్లు, వేడి వస్తువులు పట్టుకునే చేతి తొడుగులు, వీటిలోనూ అదే ఉండేది.

నాది పులివెందుల దగ్గర పల్లె. బ్రాహ్మణపల్లి వైపు గనుల్లో రాతినార తీసేవారు. మా అమ్మ అక్కడ రాయి కొట్టి నార ఏరే కూలికి వెళ్లేది. పచ్చని రాయి నడుమ తెల్లని చార ఉంటుంది, గోటితో గీకితే పత్తిలా పీచు లేస్తుంది. పిల్లలం దాన్ని దీపం మంటలో పెట్టి, కాలదని పందెం కాసేవాళ్లం. అమ్మ ఇంటికి వచ్చి గడపలో కొంగు దులుపుకుని పొయ్యి ముట్టించేది. చివరికి దగ్గుతోనే పోయింది. ఊళ్లో ఉబ్బసం అన్నారు. నా లెక్కలో రాతినారే. చేతిలో కాగితం లేదు, అయినా నా మాట మార్చుకోను. ఆస్బెస్టాస్ కార్మికుల ఆరోగ్య రికార్డును చేరిన నాటి నుంచి 40 ఏళ్లు, లేదా పని మానాక 15 ఏళ్లు, ఏది ఆలస్యమైతే అంతవరకు దాచాలని 1995లో సుప్రీంకోర్టు చెప్పింది. మా అమ్మకు కూలి లెక్కల పుస్తకంలో పేరే సరిగ్గా ఉండేది కాదు.

మొన్న పక్కింటివాళ్లు ఆస్బెస్టాస్ కలిసిన పాత సిమెంటు రేకులను మిషనుతో కోయించారు. ఆ కుర్రాడి ముఖానికి తువ్వాలు కూడా లేదు. నీళ్లు చల్లి కోయమని అరిస్తే "సిమెంటే కదా తాతా" అన్నాడు. మన ఎండలకు ఆ రేకుల కింద మనిషి ఉడికిపోతాడు, పైగా ఈ దుమ్ము.

సరే, మీ సంగతి. పొర దళసరి కావడానికి పాత టీబీ, నెమ్ము కూడా కారణం కావచ్చు. కాబట్టి ఎక్స్‌రేతో ఆగకుండా ఊపిరితిత్తుల డాక్టరు దగ్గర సీటీ స్కాన్, ఊదించి చూసే పరీక్ష చేయించండి. వెళ్లేముందు నాన్నగారిని కూర్చోబెట్టి ఏ ఏడు ఏ విభాగంలో ఉన్నారు, బ్రేకులు విప్పారా, గాలి కొట్టారా, యూనిఫారం ఇంట్లో ఎవరు ఉతికేవారు అని రాసుకోండి. చివరిది మీ అమ్మగారి కోసం. భర్త పని బట్టలు ఉతికి ఈ జబ్బు తెచ్చుకున్న ఇల్లాళ్లు ఎన్నో దేశాల్లో ఉన్నారు.

ఇంతకీ నాన్నగారు బీడీ, సిగరెట్టు కాలుస్తారా? మీరు రాయలేదు. ఆస్బెస్టాస్ పీల్చిన మనిషి పొగ కూడా తాగితే ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు ఎన్నో రెట్లు పెరుగుతుంది. కాలుస్తుంటే స్కాన్ తేదీ కోసం ఆగకుండా ఇవాళే మాన్పించండి.